స్కిట్ రాద్దాం – 4వ పాఠం: "మాకేం వద్దు"

అందరూ పాటిస్తూ, ఎవరూ పైకి ఒప్పుకోని పద్ధతులను ఒక్కో వాక్యంలో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి అందులో ఒకదాన్ని స్కిట్‌గా మలుద్దాం. నేను తీసుకున్నది ఇది: "పిల్లగాని తరఫువాళ్లు కట్నం అడగరు, కానీ అడిగినట్టు అర్థం కావాలి."

1961 చట్టం ప్రకారం కట్నం అడిగినా, ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే. మాటముచ్చటకు కూర్చున్న చాలా ఇళ్లలో డబ్బు మాట సూటిగా రాదు. "మాకేం వద్దు, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటరో మీ ఇష్టం" అంటారు. దాని అసలు అర్థం గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అది తెలియని మనిషిని ఒక్కణ్ని అక్కడ కూర్చోబెట్టండి, నవ్వు మొదలవుతుంది.

పరకాల దగ్గర ఒక పల్లె. పిల్ల తండ్రి నర్సయ్య. హనుమకొండ నుంచి వచ్చిన పిల్లగాని తల్లిదండ్రులు. నడుమ పెద్దమనిషి.

పిల్లగాని తండ్రి: మాకైతే ఏం వద్దు బావా. దేవుడిచ్చింది మస్తుగున్నది.

నర్సయ్య: సల్లగుండు బావా! రాత్రంత నిద్ర లేదు. రెండెకరాలు బేరం వెట్టిన. ఇగ బంద్ జేస్త.

(ముగ్గురి చాయ కప్పులూ ఆగుతాయి.)

తల్లి: మా పెద్దకోడలోళ్లకు గూడ వద్దనే చెప్పినం అన్నా. ఆఖరుకు వాళ్లే కారు తెచ్చి ఇంటి ముందల వెట్టిండ్రు.

నర్సయ్య: వద్దన్నంక గూడనా? గదేం పద్ధతి చెల్లె! మేం గట్ల జెయ్యం. మీ మాట దాటం.

పెద్దమనిషి: నర్సన్నా, వాళ్లు వద్దన్నది నోటితోని...

నర్సయ్య: మరి ఇంక దేనితోని అంటరే?

మెట్లు చూడండి. ముందు ఉత్త మాట, తర్వాత పెద్దకోడలి ఉదాహరణ, ఆ తర్వాత పెద్దమనిషి. ప్రతిసారీ వాళ్లు అడగడానికి ఇంకొంచెం దగ్గరికొస్తారు, నర్సయ్య ఇంకొంచెం గౌరవంగా దూరం జరుగుతాడు. "కట్నం" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, స్కిట్ అక్కడితో అయిపోయినట్టే.

కొత్తగా రాసేవాళ్లు నర్సయ్యను తెలివైనవాణ్ని చేసి, ప్రేక్షకులకు కన్ను గీటిస్తారు. అలా చేయొద్దు. అతను నటిస్తున్నాడంటే అది ఒక మనిషి గెలుపైపోతుంది, పద్ధతి తప్పించుకుంటుంది. నిజంగా నమ్మితేనే ఎదుటివాళ్ల మొహాల్లో ఆ పద్ధతి బయటపడుతుంది.

ఇంతకన్నా కష్టమైన పని తల్లి పాత్ర. ఆమెను రాకాసిని చేయడం సులువు. నేను చేయను, మీరూ చేయొద్దు. ఆమెకు ఈ మాట ఇవ్వండి: "నేనొచ్చినప్పుడు మా నాయిన బర్లు అమ్మి బంగారం వెట్టిండు అన్నా. గదే నా ఇజ్జత్ అనుకున్న." అప్పటిదాకా నవ్విన గది ఒక్క నిమిషం ఆగుతుంది, ఆమె కూడా ఆ పద్ధతి చేతిలో నలిగిన మనిషేనని తెలుస్తుంది. నవ్వు పద్ధతి మీద పడాలి, అందులో చిక్కిన మనుషుల మీద కాదు. ఈ విషయంలో రాజీపడితే నేను రాసిందైనా చించేస్తాను.

పెద్దమనిషి ఎందుకంటారా? ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ (మల్లన్న కథను పాడుతూ చెప్పే జానపద కళ) విన్నవాళ్లకు తెలుసు: కథకుడు పాడుతుంటే వంత పలికేవాళ్లు నడుమ అడ్డుతగిలి, వినేవాళ్ల మనసులో ఉన్నదే అడుగుతారు. పెద్దమనిషిది ఆ పనే. అతనికి తక్కువ మాటలు చాలు.

యాస గురించి ఒక్కమాట. సినిమాలు చాలాకాలం మన తెలంగాణ మాటను విలన్‌కో, జోకర్‌కో ఇచ్చాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ యూట్యూబ్ వీడియోల్లో మాట్లాడితే జనం ఇష్టంగా చూసిందీ ఇదే మాటను. మీ స్కిట్‌లో హనుమకొండ వియ్యంకుడూ, పరకాల వియ్యంకుడూ ఇద్దరూ మన మాటే మాట్లాడాలి. ఒకరికే యాస పెడితే నవ్వు యాస మీదకు మళ్లుతుంది.

ఇక మీ వంతు. మీ కాగితంలోంచి ఒక పద్ధతి తీసుకోండి. "ఇంకా ఏం విశేషం లేదా?" అని కొత్త కోడల్ని అడిగేదైనా సరే, "ఉన్నదాంట్లోనే తినిపోండి" అని దావత్‌కు పిలిచేదైనా సరే. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మే మనిషిని తయారుచేసి, ఎనిమిది సంభాషణలకు మించకుండా రాయండి. రాసింది ఇంట్లో ఎవరిచేతైనా పైకి చదివించండి. నాలుక తడబడిన చోట గీత గీసి, ఆ వాక్యం మళ్లీ రాయండి. నర్సయ్య స్కిట్ ఎక్కడ ఆపాలో అయిదో పాఠంలో చూద్దాం. ఈలోగా మీకు తోచిన ముగింపు కూడా ఒకటి రాసిపెట్టుకోండి.