ఏ హైవే ఎప్పుడు వద్దు: వానలు, పొగమంచు మొదలయ్యేలోపు చూసుకోవాల్సినవి

అనుభవం ఉన్న డ్రైవర్లు "ఆ రోడ్డు మంచిది కాదు" అని ఊరికే అనరు, గమనించండి. "అర్ధరాత్రి దాటాక అటు వద్దు", "వాన పడుతుంటే ఆ ఘాట్ దిగకు", "ఎండెక్కాక బయల్దేరు, పొద్దున్నే అక్కడ ఏమీ కనపడదు" అంటారు. రోడ్డుతో పాటు టైమ్ కూడా చెప్తారన్నమాట. మిగతా జనంలో రెండు రకాలు, ఒక్కసారి ఏదో హైవే మీద గుండె ఝల్లుమంటే ఇక జన్మలో అటు తొంగిచూడనోళ్లు కొందరు, మ్యాప్ ఎటు గీత గీస్తే అటు స్టీరింగ్ తిప్పేసేవాళ్లు ఇంకొందరు. సీజన్ మొదలయ్యేలోపే మీరు తరచూ తిరిగే రూట్ల గురించి ఒకసారి కూర్చుని ఆలోచించుకోండి, ఏది ఎప్పుడు వద్దు, ఎందుకు వద్దు, దాని బదులు ఏ దారిలో పోతాం అని. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు, దెబ్బ తినేది కూడా అక్కడే.

ముందు పొగమంచు సంగతి, ఎందుకంటే దీంట్లో ఎంత తోపు డ్రైవరైనా ఒకటే. 100 స్పీడ్‌లో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేక్ మీదకి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను అనుకుందాం, అప్పటికే 40 మీటర్లు అయిపోయాయి, బ్రేక్ ఇంకా పట్టనేలేదు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం 95 పైమాటే. కనపడేదే 50 మీటర్లయితే మిగతా 45 మీటర్లు దేవుడి మీద భారం వేసి నడుపుతున్నట్టు. తడి రోడ్డు మీద 50 మీటర్లే కనపడుతుంటే 50 స్పీడు కూడా ఎక్కువే. సరే 40లో పోదాం అనుకుంటే వెనకాల 90లో వచ్చేవాడికి మీరు కనపడాలి కదా, అదీ అసలు సమస్య. పెద్ద హైవే పొగమంచులో ప్రాణాంతకం అయ్యేది ఇందుకే, మీరొక్కరే జాగ్రత్తగా ఉంటే చాలదు, అందరూ ఒకేలా స్పీడ్ తగ్గించాలి, తగ్గించరు.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం కాల్హౌన్ దగ్గర ఐ-75 హైవే మీద 1990 డిసెంబర్ 11న అచ్చంగా ఇదే జరిగింది, పొగమంచులో 99 బండ్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, 12 మంది పోయారు. ఆ తర్వాత అక్కడ పొగమంచుని పసిగట్టే సెన్సార్లు, స్పీడ్ లిమిట్ మార్చి చూపించే బోర్డులు పెట్టారు, మరీ కమ్మేస్తే హైవే ఎక్కే దారులకే గేట్లు వేసేస్తారు. మీ రూట్లో అలాంటి గేట్లు ఉంటాయన్న గ్యారంటీ లేదు కాబట్టి బయల్దేరాలా ఆగాలా అనేది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. చాలాచోట్ల రెండు మూడు గంటలు లేటుగా బయల్దేరితే సరిపోతుంది, ఎండ వచ్చాక అదే రోడ్డు అద్దంలా ఉంటుంది.

ఒకవేళ మధ్యలో ఇరుక్కుంటే మాత్రం లో బీమ్, ఫాగ్ ల్యాంపులు, అంతే. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మీ కళ్లలోకే వస్తుంది. బండి కదులుతుండగా హజార్డ్ లైట్లు వేసుకుని పోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది, వాడు ఆగాడో వస్తున్నాడో తెలీదు, లేన్ మారుతుంటే ఇండికేటర్ కూడా తెలీదు. ఇక ఆగాలనుకుంటే రోడ్డు అంచున ఆపొద్దు, ఎంత నెమ్మదిగానైనా సరే హైవే దిగి పూర్తిగా పక్కకి ఉన్న చోటు, బంకో పార్కింగో చూసుకుని ఆపండి, పొగమంచులో అంచున ఆగిన బండి టెయిల్ లైట్ చూసి అదే లేన్ అనుకుని దాని వెనకే వచ్చి కొట్టేవాళ్లు ఉంటారు.

వాన విషయంలో జనం భయపడేది కుండపోతకి, నిజానికి చాలా రోజుల తర్వాత పడే మొదటి జల్లు కూడా తక్కువదేం కాదు, ఎండలో పేరుకున్న ఆయిల్, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి అన్నీ నీళ్లతో కలిసి రోడ్డు జారుతుంది. తర్వాత గట్టిగా పడ్డప్పుడు నీళ్లు నిలిచే హైవేలు కొన్ని ఉంటాయి, వెడల్పుగా ఫ్లాట్‌గా ఉండి నీళ్లు పక్కకి పోవడానికి టైమ్ పట్టేవి, లారీల బరువుకి చక్రాల దారిలో పల్లం పడిపోయినవి. అలాంటి చోట 80, 90 స్పీడ్‌లో టైర్ నీళ్లని పక్కకి నెట్టలేక వాటి మీద తేలిపోతుంది, టైర్ అరిగి ఉంటే ఇంకా తక్కువ స్పీడ్‌కే తేలుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపిస్తే అదే అది. బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ కొయ్యొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే టైర్ మళ్లీ రోడ్డుని అందుకుంటుంది. వానలో క్రూజ్ కంట్రోల్ (కాలు పెట్టకుండానే బండి ఒకే స్పీడ్‌లో పోయేలా చేసేది) ఆఫ్‌లో ఉండాలి. ఇంకోటి, వానలో లారీని దాటేటప్పుడు దాని పక్కకి చేరకముందే వైపర్ ఫుల్ స్పీడ్‌లో పెట్టుకోండి. ఆ బురద నీళ్లు అద్దం మీద పడ్డాక వైపర్ పుల్ల కోసం వెతుక్కునే రెండు సెకన్లలో మీకు లారీ కనపడదు, డివైడర్ కనపడదు.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే మాత్రం లెక్క సింపుల్. 15 సెంటీమీటర్ల నీళ్లు చాలా కార్ల అడుగు భాగానికి తగులుతాయి, 30 సెంటీమీటర్లకి చాలా బండ్లు తేలడం మొదలెడతాయి, 60 సెంటీమీటర్ల ప్రవాహం ఎస్‌యూవీలని కూడా లాక్కుపోగలదు. పైనుంచి చూస్తే 15కీ 60కీ తేడా తెలీదు, రాత్రయితే అసలే తెలీదు, నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కూడా తెలీదు. ముందు బండి దాటింది కదా అని మీరూ దింపకండి. కల్వర్టులు, అండర్‌పాస్‌లు ఉన్న రూట్ అయితే వానల రోజుల్లో దాన్ని లిస్టులోంచి తీసేయడమే.

ఘాట్ రోడ్లని డ్రైవర్లు వదిలేసేది ఎక్కడానికి భయపడి కాదు, దిగడానికి భయపడి. కిలోమీటర్ల కొద్దీ దిగుడు, కాలు బ్రేక్ మీదే, ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడిపోతుంది, ఎంత తొక్కినా పట్టదు. దీనికి తోడు బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి మార్చకపోతే అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి అదే లెక్క 155కి పడిపోతుంది. అందుకే సీజన్ ముందు బ్రేక్ ఆయిల్ చూపించండి అని మెకానిక్‌లు చెప్పేది, బిల్లు పెంచడానికి కాదు (కొందరు అందుకే అనుకోండి, అది వేరే సంగతి). దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేర్ వాడతారో దాదాపు అదే గేర్‌లో దిగాలి, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో ఎల్ (తక్కువ గేర్)‌లోనో పెట్టుకోవాలి. పెట్రోల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో దింపడం, ఇంజిన్ ఆపి దింపడం పిచ్చి పని, ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తేలిగ్గా పట్టేలా చేసేది), పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, కొండ మీద ఫుల్ ఛార్జ్ చేసుకుని దిగితే బ్యాటరీలో చోటు లేక రీజెన్ బ్రేకింగ్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) సరిగా పనిచేయదు, కొంచెం ఖాళీ ఉంచుకుని దిగండి.

బొలీవియాలో యుంగాస్ రోడ్డని ఒకటుంది, పక్కనే లోయ, ఒక్క బండి పట్టేంత దారి. దేశమంతా కుడివైపు నడిపితే ఆ రోడ్డు మీద మాత్రం ఎడమవైపు నడుపుతారు, ఎందుకంటే అక్కడి బండ్లకి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, డ్రైవర్ లోయ వైపు కూర్చుంటే బయటి చక్రం అంచుకి ఎంత దూరంలో ఉందో తలకాయ బయట పెట్టి చూసుకోవచ్చు. 2006లో వేరే కొత్త రోడ్డు వచ్చాక బస్సులు, లారీలు చాలావరకు దానికే మారిపోయాయి. అంత నేర్పున్న డ్రైవర్లే వేరే దారి దొరకగానే దీన్ని వదిలేశారు, అందులో నామోషీ ఏముంది.

మరి కొత్త రోడ్డు, దగ్గర దారి అయితే ఎప్పుడూ మంచిదేనా అంటే కాదు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో ఐ-80 హైవేని లారమీ దాటాక ఎల్క్ మౌంటెన్ పక్కనుంచి తీసుకెళ్లారు, పాత రోడ్డు ఉత్తరంగా చుట్టు తిరిగి పోయేది, ఇది దానికన్నా దగ్గర. అక్కడి పాతకాపులు వద్దు మొర్రో, అటు గాలి, మంచు మామూలుగా ఉండవు అని చెప్పినా వినలేదు. 1970 అక్టోబర్‌లో ఓపెన్ చేస్తే కొద్ది రోజులకే మంచు తుఫానుకి మూసెయ్యాల్సొచ్చింది, ఇప్పటికీ ప్రతి చలికాలం మూస్తూనే ఉంటారు, ఖాళీ ట్రక్కులు గాలికి పక్కకి పడిపోతుంటాయి. పాత రోడ్డు ఎందుకు చుట్టు తిరిగిందో ఎవరూ ఆలోచించలేదన్నమాట. మీకు తెలియని ఏరియాలో అక్కడి లారీ డ్రైవర్లంతా చుట్టు దారిలో పోతుంటే ఎందుకని ఒక మాట అడగండి. పొడవాటి వంతెనలు, ఖాళీ మైదానాలు, కొండల మధ్య సందులు ఉన్న హైవేల్లో గాలి పక్కనుంచి కొడుతుంది, వ్యాన్, పైన లగేజ్ కట్టిన కారు, బైక్ వీటికి అది పెద్ద దెబ్బ, గాలి హెచ్చరిక ఉన్న రోజు మానుకోవడమే.

ఇక పెద్ద హైవే స్పీడ్‌కి భయపడి పక్కన డివైడర్ లేని డబుల్ రోడ్డుకి మారేవాళ్ల గురించి. ఇక్కడ నేను వాళ్లతో ఒప్పుకోను. లెక్క చూడండి, 60లో పోయే లారీని మీరు 80లో దాటుతున్నారు, తేడా 20 అంటే సెకనుకి అయిదున్నర మీటర్లు. లారీ పొడవు, ముందు వెనక వదిలే గ్యాప్ కలిపి 60 మీటర్లు అనుకున్నా దాటడానికి 11 సెకన్లు. ఆ 11 సెకన్లలో మీరు దాదాపు 240 మీటర్లు పోతారు, ఎదురుగా 80లో వచ్చేవాడు ఇంకో 240 వస్తాడు. అంటే దాదాపు అర కిలోమీటర్ ఖాళీ కనపడితేనే దాటాలి, మలుపుల రోడ్డులో అంత ఖాళీ ఎక్కడ దొరుకుద్ది. మధ్యలో డివైడర్ ఉండడం, అడ్డంగా వచ్చే దారులు లేకపోవడం, ఈ రెండింటి వల్లే పెద్ద హైవేలు కిలోమీటర్ లెక్కన చూస్తే మామూలు రెండు లేన్ల రోడ్ల కన్నా సేఫ్. కాబట్టి మంచి వాతావరణంలో, పగటిపూట, కేవలం స్పీడ్ భయంతో వదిలేస్తుంటే మాత్రం మళ్లీ ఆలోచించండి, ఎడం ఎక్కువ ఉంచుకుని నెమ్మది లేన్‌లో పోతే ఎవరూ ఏమనరు. అయితే హైవే ఎక్కగానే చెమటలు, దడ వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లది వేరే, బలవంతంగా నడపకుండా డాక్టర్‌తో మాట్లాడుకోవడం బెటర్.

నిద్ర విషయంలో సీజన్ లేదు. తెల్లవారుజాము 2 నుంచి 6, మధ్యాహ్నం 2 నుంచి 4, ఈ టైమ్‌లో ఒంటికి సహజంగానే మత్తు వస్తుంది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం దాదాపు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం అని పరీక్షలు పెట్టి తేల్చారు. నున్నగా, తిన్నగా పోయే ఎక్స్‌ప్రెస్‌వేలు దీనికి మరీ చెడ్డవి, స్టీరింగ్ తిప్పే పని ఉండదు, మలుపు ఉండదు, ఏసీ చల్లగా, నాలుగు సెకన్లు కునుకు పడితే 100 మీటర్ల పైన కళ్లు మూసుకుని పోయినట్టే. పాటలు పెద్దగా పెట్టడం, కిటికీ దించడం కాసేపే పనిచేస్తాయి. కాఫీ తాగేసి వెంటనే 15, 20 నిమిషాలు పడుకుంటే లేచేసరికి కాఫీ ఎక్కుతుంది, అది మాత్రం పనిచేస్తుంది.

మ్యాప్‌ని నమ్మాలా అంటే ట్రాఫిక్‌కి నమ్మండి, రోడ్డు ఎలా ఉందో చెప్పడానికి మాత్రం నమ్మొద్దు. 2019 జూన్‌లో డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌కి పోయే రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే గూగుల్ మ్యాప్స్ చూపించిన అడ్డదారిలో దూరి దాదాపు 100 కార్లు బురదలో కూరుకుపోయాయి. ఒకరి వెనక ఒకరు, ఇంతమంది పోతున్నారు కదా అని. కొత్త దారి చూపిస్తే శాటిలైట్ వ్యూలో ఒకసారి చూసుకోండి తారు రోడ్డేనా అని, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, "హైవేలు వద్దు" ఆప్షన్ ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయి ఉంటే తీసేయండి, లేదంటే రాత్రిపూట అది మిమ్మల్ని ఎటో తీసుకెళ్లి వదుల్తుంది.

బండి విషయానికొస్తే టైర్లే ముఖ్యం. చాలా దేశాల్లో టైర్ గాడులు 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా అరిగినా చట్టం ఒప్పుకుంటుంది కానీ తడి రోడ్డుకి 3 మిల్లీమీటర్ల కింద ఉంటే మార్చేయడం మంచిది. టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది అని, అరగకపోయినా వయసైపోతే రబ్బరు గట్టిపడుతుంది. గాలి పొద్దున్నే టైర్ చల్లగా ఉన్నప్పుడు చూపించండి, గాలి తక్కువైన టైరే వేడెక్కి పేలేది. స్టెప్నీలో కూడా. వైపర్ రబ్బర్లు, వెనక లైట్లు, అన్నీ రెండు నిమిషాల పని.

హైవే మీద బండి చెడిపోతే వీలైనంత పక్కకి తీసి హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్ లేని వైపు డోర్ లోంచి అందరూ దిగి రెయిలింగ్ అవతలకి వెళ్లిపోవాలి, బండికి ముందు కాకుండా కాస్త వెనక్కి, ఎవడైనా వచ్చి గుద్దినా బండి మీ మీదకి రాకుండా. లోపల కూర్చుని ఫోన్ చేసుకోవడం, స్పీడ్ ట్రాఫిక్ పక్కన టైర్ మార్చడం వద్దు. ఎగ్జిట్ దాటిపోయిందా, తర్వాతది ఎంత దూరమైనా అక్కడికే పోండి, రివర్స్‌లో రావొద్దు.