కోడ్ ఎడిటర్ మొరాయిస్తే: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో పైథాన్ నేర్చుకునే కుర్రాళ్ల దగ్గర్నుంచి రుషికొండ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ల దాకా, ఎడిటర్ మొరాయిస్తే విశాఖలో అందరూ చేసే పని ఒకటే: అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దానివల్ల ఒరిగేది తక్కువ. సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) యూజర్ ఫోల్డర్లో అలాగే ఉండిపోతాయి కాబట్టి జబ్బు కూడా వాటితోపాటే తిరిగొస్తుంది.

ఒకప్పుడు ఎడిటర్ అంటే ఒకే ప్రోగ్రామ్. ఇప్పుడు తెర మీద అక్షరాలు చూపించేది ఒకటి, ఎక్స్‌టెన్షన్లను నడిపేది ఇంకొకటి, ప్రోగ్రామింగ్ భాష సంగతి చూసుకునే సర్వర్ మరొకటి. కోడ్ సూచించే ఏఐ అయితే చాలాసార్లు మన మెషీన్లోనే ఉండదు. ఏ లక్షణం వీటిలో దేనివల్ల వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కింద చెప్పేది ఎక్కువగా మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ గురించి. మన దగ్గర ఎక్కువమంది చేతిలో కనిపించేది అదే.

"ఏటైందో తెలీదన్నా, అన్నీ ఎర్రగీతలే. రన్ చేస్తే మాత్రం పనిచేస్తోంది"

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఆ ఎర్రగీతలు ఎక్కడ పడాలో తేల్చేది ఎడిటర్ కాదు, లాంగ్వేజ్ సర్వర్. 2016లో మైక్రోసాఫ్ట్, ఎడిటరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి అయిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను అందరికీ తెరిచింది. అంతకుముందు పది ఎడిటర్లకు ఇరవై భాషలు నేర్పాలంటే రెండు వందల ముక్కలు విడివిడిగా రాయాలి. ఇప్పుడు భాషకో సర్వర్, ఎడిటర్‌కో క్లయింట్, మొత్తం ముప్పైతో సరిపోతుంది. వండేవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. నియోవిమ్, హీలిక్స్, జెడ్, ఈమ్యాక్స్ అనే ఎడిటర్లు కూడా ఇలాంటి సర్వర్లతోనే మాట్లాడతాయి.

చిక్కు కూడా ఇక్కడే. టెర్మినల్లో నడిచే పైథాన్ ఒకటి, సర్వర్ చూసే పైథాన్ ఇంకొకటి అయ్యే అవకాశం ఉంది. పాండాస్ లైబ్రరీని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్) వేశారు, సర్వర్ మాత్రం సిస్టమ్ పైథాన్లో వెతుకుతోంది. అక్కడ దొరకదు, గీత గీసేస్తుంది.

ముందు కమాండ్ ప్యాలెట్ (ఎడిటర్ కమాండ్లు వెతికే పెట్టె) తెరిచి "పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రిటర్" కొట్టి, ప్రాజెక్టులోని ఎన్విరాన్‌మెంట్‌ను ఎంచుకోండి. గీతలు పోకపోతే ఏ ఫోల్డర్ తెరిచారో చూడండి. చాలామంది డౌన్‌లోడ్స్‌లోని ఒక్క ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తారు. అలా తెరిస్తే ప్రాజెక్టు ఎక్కడ మొదలవుతుందో సర్వర్‌కు తెలీదు, పక్క ఫైళ్లు కనిపించవు. మొత్తం ఫోల్డర్‌ను తెరవాలి. అప్పటికీ లొంగకపోతే ప్యాలెట్లోనే సర్వర్‌ను రీస్టార్ట్ చేసే కమాండ్ ఉంటుంది. కింద అవుట్‌పుట్ ప్యానెల్లో సర్వర్ పేరు ఎంచుకుంటే దాని లాగ్ కనిపిస్తుంది. ఆ లాగ్ ఎవరూ చదవరు, అసలు కారణం మాత్రం తరచుగా అక్కడే రాసి ఉంటుంది.

టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడుతోంది, ఫ్యాన్ రొద ఆగట్లేదు

గీతలు ఆలస్యమైతే సర్వర్‌ను అనుమానించాలి. అక్షరమే ఆలస్యమైతే ఎడిటర్‌నూ ఎక్స్‌టెన్షన్లనూ చూడాలి. వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ మీద నడుస్తుంది, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ ఉన్నట్టే. ఎనిమిది జీబీ ర్యామ్‌లో ఇదీ, పక్కన ముప్పై ట్యాబులతో క్రోమ్ కూడా ఉంటే మే నెల ఉక్కపోతలో ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది పాపం.

"డెవలపర్: ఓపెన్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్" కమాండ్ ఇస్తే ఏ భాగం ఎంత సీపీయూ, ఎంత మెమరీ తింటోందో విడివిడిగా చూపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లను నడిపే ఎక్స్‌టెన్షన్ హోస్ట్ పైన ఉంటే "స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్" వాడండి. ఎక్స్‌టెన్షన్లలో సగం ఆపి, "ఇప్పుడు బాగుందా?" అని అడుగుతూ దోషిని పట్టిస్తుంది. ఒక్కొక్కటీ చేత్తో ఆపి చూసే శ్రమ ఉండదు.

పాత ట్యుటోరియల్ చూసి బ్రాకెట్లకు రంగులు వేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. తీసేయండి. 2021లో వీఎస్ కోడ్ ఆ పనిని ఎడిటర్ లోపలికే తెచ్చుకుంది. పదివేల రెట్లు వేగం పెరిగిందని దాన్ని తయారుచేసినవాళ్లే ప్రకటించారు. వేరే ప్రాసెస్‌లో కూర్చున్న ఎక్స్‌టెన్షన్ ఫైలు మొత్తాన్ని తనే మళ్లీ విడదీసుకోవాలి, ఎడిటర్ దగ్గరైతే ఆ లెక్క అప్పటికే ఉంటుంది. అన్నీ ఎక్స్‌టెన్షన్లకే వదిలేయాలనే ఆలోచనకు హద్దు ఎక్కడో ఇక్కడ తెలిసింది.

ఎలక్ట్రాన్‌ను పుట్టించిన ఆటమ్ ఎడిటర్‌ను గిట్‌హబ్ 2022 డిసెంబరు 15న మూసేసింది. ఆటమ్‌ను తయారుచేసినవాళ్లలో కొందరు తర్వాత రస్ట్ భాషలో జెడ్‌ను కట్టారు. బ్రౌజర్ లేకుండా గ్రాఫిక్స్ కార్డుతోనే అక్షరాలు గీయిస్తుంది. వేగం నిజమే, కానీ లైనక్స్ వేసుకున్న పాత ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన వల్కన్ డ్రైవర్ సరిగా లేకపోతే జెడ్ తెరుచుకోవడమే కష్టం. డ్రైవర్ సంగతి చూసుకున్నాకే మారండి.

వాట్సాప్‌లో వచ్చిన కోడ్ పేస్ట్ చేస్తే ఎర్రర్. తెలుగు రాస్తే కర్సర్ ఎక్కడో ఉంటోంది

రెండిటికీ మూలం ఒకటే: మన కంటికి కనిపించేదీ ఫైల్లో ఉన్నదీ ఒకటి కాకపోవడం.

ఫోన్ కీబోర్డు నిటారు కోట్స్‌ను వంకర కోట్స్‌గా మారుస్తుంది, లైను మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. ఇవైనా కంటికి కనిపిస్తాయి. కనిపించనిది జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ఫ, ట కలిసి ఒత్తు పడ్డాక, ట కింద వ ఒత్తు పడకుండా పొల్లును నిలబెట్టేది అదే. తెలుగు వాక్యంలో అది ఉండాలి. వేరియబుల్ పేరులో పడితే మాత్రం పైథాన్ "ఇన్‌వాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ యూ+200సీ" అని ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ ఇంకా ప్రమాదం, దాన్ని పేరులో భాగంగా ఒప్పుకుంటుంది. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రెండు పేర్లు రెండు వేరే వేరియబుల్స్ అయిపోతాయి, ఎర్రర్ కూడా రాదు.

వీఎస్ కోడ్ 2021 చివరి నుంచి ఇలాంటి కనిపించని అక్షరాల చుట్టూ పెట్టె గీసి చూపిస్తోంది. చిరాగ్గా ఉందని చాలామంది ఆ సెట్టింగ్ ఆపేస్తారు. ఆపొద్దు. అనుమానం ఉన్న లైనును సరిచేయాలని చూడకుండా చెరిపేసి చేత్తో కొట్టండి, అదే త్వరగా తేలుతుంది.

ఇక కర్సర్. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8 ఫైల్లో పద్దెనిమిది బైట్లు. బ్యాక్‌స్పేస్ కొడితే చాలా ఎడిటర్లలో ఈత్వం మాత్రమే పోతుంది. బాణం కీ ఎక్కడ ఆగాలన్న నియమం కూడా 2023లో యూనికోడ్ 15.1తో మారింది. పాత లెక్కలో అది మూడు ముక్కలు, కొత్త లెక్కలో ఒక్కటే. ఆ మార్పు చేరని సాఫ్ట్‌వేర్లో కర్సర్ ఒత్తుల మధ్యన ఇరుక్కుంటుంది.

ఎర్రగీత పక్కకు జరిగి పడుతుంటే దానికి ఇంకో కారణం. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మొదటి నుంచీ స్థానాన్ని యూటీఎఫ్-16లో లెక్కపెడుతుంది, అందులో "స్త్రీ" ఆరు స్థానాలే. వేరే లెక్క కుదుర్చుకునే వీలు 2022లో 3.17 వెర్షన్‌తోనే వచ్చింది. సర్వర్ పొరపాటున బైట్లు లెక్కపెడితే ఒక్క "స్త్రీ"కే గీత పన్నెండు స్థానాలు కుడికి జారుతుంది. అది సర్వర్ బగ్, అప్‌డేట్ చేయడమే మందు.

టెర్మినల్లో నడిచే ఎడిటర్లలో తెలుగు ముక్కలైపోవడం వేరే కథ. టెర్మినల్ అంటే గళ్ల కాగితం, మన ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు. పోరాడి లాభం లేదు. నా సలహా: తెలుగు వాక్యాలన్నీ విడిగా ఒక జేసన్ ఫైల్లో పెట్టి, దాన్ని మాత్రం గ్రాఫికల్ ఎడిటర్లో తెరవండి. ఫాంట్ వరసలో మీ కోడింగ్ ఫాంట్ తర్వాత నోటో సాన్స్ తెలుగు చేర్చండి.

సగం నుంచి రంగులన్నీ మారిపోయాయి

ఎక్కడో పలు లైన్ల స్ట్రింగ్ కోట్ (పైథాన్‌లో మూడు కోట్స్) మూయలేదు. వీఎస్ కోడ్ రంగులకు ప్రధానంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (అక్షరాల నమూనాలు వెతికే సూత్రాలు) మీద ఆధారపడుతుంది, అలాంటి కోట్ తెరుచుకుంటే కింద ఉన్నదంతా స్ట్రింగ్ అనుకుంటుంది. ఎర్రర్ చూపించిన చోట కాకుండా రంగు మొదట తప్పిన చోట వెతకండి. 2018లో ఆటమ్‌లోకి వచ్చిన ట్రీ-సిట్టర్ కోడ్‌ను చెట్టులా చదువుతుంది, కీ నొక్కిన ప్రతిసారీ మారిన మేరకే మళ్లీ చదువుతుంది, తప్పున్నా మిగతా భాగాన్ని నిలబెట్టుకోవాలని చూస్తుంది. నియోవిమ్, హీలిక్స్, జెడ్ దాన్నే వాడతాయి.

నోట్‌బుక్ నిన్న పనిచేసింది, ఇవాళ "నేమ్ ఎర్రర్"

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవా రోజున బయటపడే జబ్బు ఇది. జూపిటర్ నోట్‌బుక్‌లో మీరు చెరిపింది సెల్‌ను (కోడ్ ముక్క ఉండే పెట్టె) మాత్రమే, అందులో పుట్టిన వేరియబుల్, కోడ్‌ను నడిపే కర్నెల్ మెమరీలో బతికే ఉంటుంది. నిన్నంతా ఆ దయ్యంతోనే కోడ్ నడిచింది. రాత్రి ల్యాప్‌టాప్ ఆపేసరికి అదీ పోయింది.

గుర్తు: సెల్స్ పక్కన అంకెలు 7, 3, 12 అని చిందరవందరగా ఉంటాయి. "రీస్టార్ట్ కర్నెల్ అండ్ రన్ ఆల్" కొట్టండి. ఎక్కడ ఆగితే అక్కడ పోయిన లైనును తిరిగి రాయండి. ఎవరికైనా పంపే ముందు ఇది తప్పకుండా చేయాలి.

ఈ లోపం డిజైన్‌లోనే ఉందని కొందరు నోట్‌బుక్‌నే మార్చారు. జూలియాకు ప్లూటో, జావాస్క్రిప్ట్‌కు అబ్జర్వబుల్, పైథాన్‌కు మారిమో. వీటిలో ఏ సెల్ దేనిమీద ఆధారపడిందో సిస్టమ్‌కు తెలుసు. ఒకటి మారిస్తే దానిమీద ఆధారపడ్డవి వాటంతటవే మళ్లీ నడుస్తాయి, సెల్ చెరిపితే దాని వేరియబుల్ కూడా పోతుంది. ఒకే పేరును రెండు సెల్స్‌లో పెట్టనివ్వవు కాబట్టి మొదట్లో విసుగొస్తుంది. పైగా మారిమో ఫైలు మామూలు పైథాన్ ఫైలే, గిట్‌లో తేడాలు చదవగలిగేలా ఉంటాయి. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనైతే దాన్నే చెబుతాను.

ట్యాబ్ కొడితే అడగని పది లైన్లు వచ్చి పడుతున్నాయి

ఇండెంట్‌కూ ట్యాబే, బూడిదరంగులో కనిపించే ఏఐ సూచనను ఒప్పుకోవడానికీ ట్యాబే. ఒకే కీకి రెండు పనులు పెట్టడం నాకు నచ్చని డిజైన్. వద్దనుకుంటే ఎస్కేప్ కొట్టండి, కంట్రోల్‌తో కుడి బాణం కొడితే ఒక్కో మాటే తీసుకోవచ్చు. కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో ఆ కీనే మార్చుకుంటే ఇంకా హాయి.

లేని ఫంక్షన్ పేర్లు రాయడం ఇంకో లక్షణం. ఏఐ ఊహించి రాస్తుంది, లాంగ్వేజ్ సర్వర్ లైబ్రరీలో చూసి చెబుతుంది. ఇంటర్‌ప్రిటర్ సరిగా ఎంచుకుని ఉంటే, ఇద్దరికీ పేచీ వచ్చినప్పుడు సర్వర్ మాట నమ్మండి. ఏఐ చెప్పిన ప్యాకేజీ పేరును చూడకుండా ఇన్‌స్టాల్ చేయొద్దు. లేని పేరైతే ఎవరైనా ఆ పేరుతో హానికరమైనది పెట్టే వీలుంది.

కరెంటు పోయింది, సేవ్ చేయలేదు

తుపాను రోజుల్లో మామూలే. వీఎస్ కోడ్ తిరిగి తెరవండి, సేవ్ కాని ట్యాబులు చాలావరకు అలాగే వస్తాయి. ఫైలు ఖాళీగా కనిపిస్తే దాన్ని సేవ్ చేయకుండా ఎక్స్‌ప్లోరర్ అడుగున టైమ్‌లైన్ చూడండి. 2022 మార్చి నుంచి ప్రతి సేవ్‌కూ ఒక ప్రతి అక్కడ దాస్తోంది. ఫైలే మాయమైతే "లోకల్ హిస్టరీ: ఫైండ్ ఎంట్రీ టు రిస్టోర్" కమాండ్. మామూలు సెట్టింగుల్లో ఫైలుకు యాభై ప్రతులే ఉంచుతుంది, పాతవి రాలిపోతాయి, కాబట్టి పోయిన రోజే వెతకండి.