వంకను చూసి నడవండి: వానాకాలంలో జ్వాలా నరసింహుడి దారి

ఆళ్లగడ్డలో మాది మందుల షాపు. నల్లమల మీద మబ్బు కమ్మితే చాలు, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "మామా, అహోబిలం రావచ్చా? వానలో పైదాకా నడవగలమా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

రావచ్చు. ఆ దారిని ఒక్కసారైనా వానాకాలంలోనే చూడాలి. మే నెలలో ఇదే దారిలో బండలు కాలుతుంటాయి, చెట్లు ఆకు రాల్చి నిలబడతాయి, ఈ దారి వెంటే పారే భవనాశిని వంకలో అక్కడక్కడా మడుగులు తప్ప పారే నీళ్లు ఉండవు. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి మద్దిచెట్లు, వెదుళ్లు, టేకులు కమ్ముకుని ఆకాశం కనపడదు. కొండలు రెండు వైపులా ధారలు కడతాయి. అహోబిలంలోని తొమ్మిది నరసింహ గుళ్లలో ఒకటైన జ్వాలా నరసింహుడి గుడి ముందు పైనున్న కొండ అంచు నుంచి నీళ్లు జారి పడుతుంటాయి. వాటిలో తడవకుండా స్వామిని చూడలేరు, తడిసినందుకు బాధపడినవాళ్లనూ నేను చూడలేదు.

కొత్తవాళ్ల కోసం దారి చెబుతాను. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు. అక్కడ ప్రహ్లాదవరదుడి గుడి ఉంది. అక్కడినుంచి ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు, బస్సూ ఆటో పోతాయి. అసలు నడక ఎగువ గుడి దాటాక మొదలవుతుంది. భవనాశిని పక్కనే, కొన్నిచోట్ల వంక దాటుకుంటూ వెళితే ముందు వరాహ నరసింహుడు వస్తాడు. క్రోడ నరసింహుడు అన్నా ఆయనే. ఆ పైన మెట్లు, బండలు, మళ్లీ మెట్లు ఎక్కితే జ్వాలా నరసింహుడు. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పుకునే కొండకొమ్ము ఉగ్రస్తంభం ఇంకా పైన. మాలోల నరసింహుడి గుడికి దారి వేరుగా చీలుతుంది. ఎండ రోజుల్లో జ్వాలా దాకా రెండు గంటల్లో ఎక్కేవాళ్లు వానలో మూడు గంటలు పెట్టుకోవాలి. దిగడానికీ అంతే పెట్టుకోండి, తడి మెట్ల మీద దిగడమే కష్టం.

అందుకే పొద్దున ఏడింటికల్లా ఎగువ అహోబిలంలో అడుగు మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. సీమలో పెద్ద వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే దిగుతాయి. పైగా మబ్బు పట్టిన రోజు లోయలో నాలుగున్నరకే చీకటి పడుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట, వంక గురించి. ఈ దారిలో మీరు గుడి నుంచి గుడికి పోతున్నామని అనుకుంటారు. నిజానికి ఒక వాగు పొట్టలో నడుస్తుంటారు. గరుడాద్రి ఒక పక్క, వేదాద్రి ఒక పక్క. ఆ కొండల మీద మట్టి తక్కువ, రాయి ఎక్కువ. కురిసిన వాన భూమిలోకి ఇంకదు, జారి నేరుగా భవనాశినిలోకే వస్తుంది. కాబట్టి మీ నెత్తిన చినుకు పడకపోయినా వంక పొంగవచ్చు. మీకు పైన, కనపడని కొండ మీద కురిస్తే చాలు.

పొంగబోయే ముందు వంక గుర్తులు చూపిస్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రగా మారతాయి. ఆకులు, పుల్లలు, నురగ ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. హోరు పెరుగుతుంది, పక్కవాడితో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనపడినా ఫోటోలు ఆపి, వంకకు దూరంగా గట్టు పైకి ఎక్కండి. నేను మా పిల్లలకు నేర్పిన పద్ధతి ఒకటుంది. వంక దాటే ప్రతిచోటా నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోవాలి. పది నిమిషాలు అక్కడే కూర్చుని నీళ్లు తాగండి. ఆ లోపు రాయి మునిగితే ఆ రోజు నడక అక్కడితో సరి. మునగకపోతే దాటండి. దాటిన చోటు నుంచే తిరిగి రావాలన్న సంగతి మాత్రం మనసులో ఉంచుకోండి.

దాటేటప్పుడు నీళ్లు మోకాలి కిందే ఉండాలి, అడుగున రాళ్లు కనపడాలి. ఎర్రనీళ్లలో పిక్కలోతే అయినా దిగొద్దు, అడుగున గుంటుందో బండుందో తెలియదు. కర్రను ఎగువ వైపు ఆనించి, ముఖం ఎగువకు పెట్టి, పక్కకు అడుగులు వేయండి. ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదపాలి. బ్యాగుకు నడుం బెల్టు ఉంటే ముందే విప్పుకోండి, పడితే బ్యాగు వదిలేయగలగాలి. గుంపుగా ఉంటే భుజాలు పట్టుకుని, బలమైనవాళ్లు ఎగువన, పిల్లలు దిగువన నడవాలి. తాడు నడుముకు కట్టుకోవడం మాత్రం వద్దు. పడితే ఆ తాడే మనిషిని నీళ్ల కింద పట్టి ఉంచుతుంది.

అవతల చిక్కుకుపోతే టెన్షన్ పడకండి. కొండ వంకలు ఎంత తొందరగా పొంగుతాయో, వాన ఆగితే అంత తొందరగానే తగ్గుతాయి. ఎత్తయిన చోట, బండ కింద కాకుండా, కూర్చుని ఎదురు చూడండి. ఆకలితో రెండు గంటలు ఉండటం ఒక లెక్క కాదు.

ఎగువ అహోబిలంలో దారి చూపే స్థానికులు ఉంటారు, డోలీ మోసేవాళ్లూ ఉంటారు. వానాకాలంలో వాళ్లలో ఒకరిని తప్పక వెంట తీసుకెళ్లండి. "ఈరోజు పైకి వద్దు సారూ" అని వాళ్లంటే బేరం ఆడకండి, బతిమాలకండి. ఆ మాట వల్ల పోయేది వాళ్ల కూలే, అయినా చెబుతున్నారంటే కారణం ఉంటుంది. అటవీ సిబ్బంది ఆపినా అంతే. ఇది పులులు తిరిగే అడవి, వాళ్లకు తెలిసినవి మనకు తెలియవు.

ఉగ్రస్తంభం సంగతి సూటిగా చెబుతాను. తడి రోజున ఎక్కకండి. చివర నిటారుగా ఉంటుంది, కాలికింద రాయి కదులుతుంది, చేతికి దొరికేవి వేర్లు, ఇనుప పట్లు. మేనల్లుళ్లు ఎంత అలిగినా ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను. డిసెంబరులో, జనవరిలో రమ్మంటాను.

ఉరుముల విషయం చాలామందికి గుర్తుకే రాదు. మెరుపు కనపడ్డాక లెక్కపెట్టండి. ముప్ఫై అంకెల లోపు ఉరుము వినపడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. అప్పుడు మెట్ల పక్క ఇనుప కమ్మీలు వదిలేయండి, ఒంటరి చెట్టు కిందకు పోకండి, నీళ్లలో నిలబడకండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి కదలండి.

కాళ్లకు ఏం వేసుకోవాలన్నది అందరూ అడుగుతారు. భక్తితో ఉత్తకాళ్లతో నడిచేవాళ్లంటే నాకు గౌరవం. అయితే వానాకాలంలో కుళ్లిన ఆకుల కింద ముల్లు, తేలు, పగిలిన గాజు ఏదైనా ఉండొచ్చు. గుడి దగ్గర విప్పండి, అడవిలో వేసుకోండి. హవాయి చెప్పులు పనికిరావు. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున లోతైన గాళ్లున్న రబ్బరు శాండిల్స్ గానీ, పాత కాన్వాస్ బూట్లు గానీ మేలు. కొత్త బూట్లు ఆ రోజే మొదలుపెట్టొద్దు, బొబ్బలు లేస్తాయి. నల్లగా, నున్నగా మెరిసే బండ మీద పాచి ఉంటుంది. గరుకుగా, తెల్లగా కనపడే రాయి మీద అడుగు వేయండి. చెట్టు వేరు మీద ఎప్పుడూ వేయకండి, తడి వేరు సబ్బులా జారుతుంది.

జీన్స్ తడిస్తే ఆరదు, బరువెక్కి తొడలు ఒరుస్తుంది. పలచటి ట్రాక్ ప్యాంటు చాలు. మా ఆవిడ చీర వదిలి చుడీదార్‌లో వస్తుంది, చున్నీ నడుముకు గట్టిగా కట్టుకుంటుంది. గొడుగు ఎగువ గుడి దాకానే. ఆ తర్వాత రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి తలమీదుగా వేసుకునే రెయిన్‌కోటు తీసుకోండి. ఒక పొడి చొక్కా, ఒక తువ్వాలు పాలిథిన్ సంచిలో చుట్టి బ్యాగు అడుగున పెట్టండి. తడిబట్టలతో గాలిలో గంట కూర్చుంటే మన సీమలోనూ వణుకు పుడుతుంది, పెద్దవాళ్లకు మరీను. ఫోన్ కూడా అలాగే చుట్టండి. పైన సిగ్నల్ దాదాపు ఉండదు, అందుకే ఎన్నింటికి తిరిగి వస్తారో కింద ఎవరికైనా చెప్పి వెళ్లండి.

తిండి సంగతి. పొద్దున ఆళ్లగడ్డలో వేడి ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరండి. వెంట చిత్రాన్నం, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు చాలు. చేతిలో కవరు కనపడితే కోతులు వదలవు, అన్నీ బ్యాగులోనే ఉండాలి. వానలో దాహం తెలియదు గానీ చెమట మాత్రం పోతూనే ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి, చిన్న సీసాలో చిక్కగా కలిపి తాగకూడదు. షాపులో ఈ మాట రోజూ చెబుతుంటాను. వంక నీళ్లు ఎంత తేటగా ఉన్నా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగనిదే తాగొద్దు. వెళ్లిన కవర్లు, సీసాలు అన్నీ వెనక్కి రావాలి. ఆ అడవి చెంచుల ఇల్లు, స్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి పుట్టినిల్లు.

మందుల సంచిలో క్రేప్ బ్యాండేజీ, యాంటీసెప్టిక్, దూది, బొబ్బలకు ప్లాస్టర్, ఎవరైనా రోజూ వాడే మాత్రలు పెట్టుకుంటే చాలు. బీపీ, షుగర్ మాత్రలు ఇంట్లో మరిచిపోయి వచ్చేవాళ్లు ఎక్కువ. పాము కరిస్తే కోయకండి, చప్పరించకండి, గట్టిగా కట్టు కట్టకండి. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించండి. కరిచిన టైము గుర్తుపెట్టుకోండి. సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయండి. విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది, పసరు మందుల కోసం గంట పోగొట్టొద్దు.

పిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉండి వాన గట్టిగా పట్టుకుంటే బాధపడాల్సిన పనిలేదు. ఎగువకు పోయే రోడ్డు పక్కనే కారంజ నరసింహుడు ఉన్నాడు. ఛత్రవట, యోగానంద నరసింహులు దిగువ అహోబిలం దగ్గరే, బండిలో పోవచ్చు. మా అమ్మ ముసురు రోజుల్లో ఈ మూడు గుళ్లూ చూసి, తృప్తిగా వచ్చేది.

ఇంటికి వచ్చాక వేడినీళ్లతో స్నానం చేసి, చంకలు, గజ్జలు, చెవుల వెనక, పిల్లల తలలో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఉంటే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా నిటారుగా లాగాలి. నూనె పోయడం, కాల్చడం వద్దు. వేసుకున్న బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి. వారం, రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకండి. "అడవిలో నడిచాను, తడిచాను" అని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చిన్న పొక్కు, సిగరెట్టుతో కాల్చినట్టుగా, నొప్పి లేకుండా ఉంటే అది కూడా చూపించండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు. చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది, తొందరగా పట్టుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది.