లైసెన్సు అక్కర్లేని పని: ఇంట్లోనే కుట్టుపని మొదలుపెట్టడం ఎలా?

మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివినవాళ్లు ఉండాలి, డ్రగ్ లైసెన్సు తెచ్చుకోవాలి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. జాకెట్లు కుట్టడానికి మాత్రం పరీక్షల్లేవు, సర్టిఫికెట్ చూపించమని ఎవరూ అడగరు. మిషనుంటే ఇవాళే కూర్చోవచ్చు. అందుకే ఎంతోమంది మొదలుపెడతారు, కొందరు ఏడాది తిరక్కుండానే మిషను మీద దుప్పటి కప్పేస్తారు. నేను చూసినంతలో పని రాక కాదు, వరస తప్పి. పని నేర్చుకుంటూనే డిజైనర్ జాకెట్లు ఒప్పేసుకుంటారు. ఆ వరస ఎలా ఉండాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

1. ముందు ఫాల్స్ కుట్టండి

ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపలి వైపు కుట్టే గుడ్డ పట్టీ. ఇందులో కొలతల టెన్షన్ లేదు, గుడ్డ పాడయ్యే భయమూ తక్కువే. పీకో, అంటే చీర అంచు దారాలు ఊడకుండా వేసే కుట్టు, కూడా అడుగుతారు. మామూలు నల్ల మిషను నేరుగా మాత్రమే కుడుతుంది, పీకోకి జిగ్‌జాగ్ మిషను కావాలి. వెంటనే కొనకండి. కొన్నాళ్లు పీకో బయట వేయించి, ఫాల్ మీరు కుట్టండి.

ఫాల్ రంగు పగటి వెలుతురులో చూసి తెచ్చుకోవాలి, ట్యూబులైటు కింద మెరూన్ కూడా వంకాయ రంగులా మోసం చేస్తుంది. తేగానే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే చీరకు పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే నూలు ఫాల్ కుంచించుకుపోయి, సరిగ్గా కుచ్చిళ్ల దగ్గరే అంచు ముడతలు పడుతుంది. కింది అంచుకు మిషను కుట్టు వేసినా, పై అంచు చేత్తోనే కుట్టండి. దారం చీర పైకి సూది మొనంత చుక్కలాగే కనిపించాలి.

లైనింగ్ గుడ్డకూ ఇదే సూత్రం. ఈ మాట తెలిసి కూడా తొందరలో ఒక కాటన్ జాకెట్టుకు లైనింగ్ తడపకుండా కుట్టేశాను. ఒక్క ఉతుకుకే లోపలి గుడ్డ పట్టేసి, పై గుడ్డ బుడగల్లా లేచింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. మళ్లీ మా గుమ్మమూ తొక్కలేదు.

2. తర్వాత ఆది జాకెట్లు

ఒంటి కొలతలు తీసి కుట్టడానికి ఇంకా టైముంది. ముందు ఆదికిచ్చిన, అంటే కొలత కోసం ఇచ్చిన పాత జాకెట్టు చూసి కుట్టడం చేయి తిరగాలి. ఆది చేతికి తీసుకోగానే పక్కన పడేయకండి. "అక్కా, ఇది ఇప్పుడు వేసుకుంటే ఎక్కడ పడుతోంది?" అని అడగండి. "చంకలో పట్టేస్తోంది", "భుజం జారుతోంది" అని అప్పుడు బయటపడుతుంది. అడక్కపోతే ఆ తప్పుతో సహా కుట్టేస్తారు, పేరు మీకొస్తుంది.

మొదట న్యూస్‌పేపర్ మీద కత్తిరించి, ఆ ముక్కల్ని ఆది మీద పరిచి చూసుకోండి. గుడ్డ మీద కత్తెర ఆ తర్వాతే. పక్క కుట్ల లోపల ఒక అంగుళమైనా గుడ్డ వదలండి, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఉంటుంది.

3. స్లిప్పుల పుస్తకం పెట్టండి

పేరు, తారీఖు, రేటు, అడ్వాన్సు రాసి, గుడ్డ ముక్క ఒకటి దానికి పిన్ను కొట్టండి. శ్రావణమాసంలో మూడు ఆకుపచ్చ జాకెట్లు ఒకేసారి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పెళ్లి తొమ్మిదో తారీఖైతే ఆరుకే ఇచ్చేలా ఒప్పుకోండి, హుక్కు జరపాలన్నా రెండు రోజులుంటాయి. కుదరనప్పుడు "ఈ వారం కాదు పిన్నీ" అనడం కూడా నేర్చుకోవాలి. నాకు ఇది కుట్టు కంటే కష్టంగా వచ్చింది.

4. కాగితాల సంగతి

ఇంట్లో కూర్చుని కుట్టినంతకాలం కాగితాల పని తక్కువే. ఏడాదికి వచ్చేది 20 లక్షల లోపుంటే ఈ పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ, బ్యాంకు లోనుకు వెళ్తే పనికొస్తుంది. ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగానే అవుతుంది, డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో టైలరింగ్ కూడా ఉంది. ఎంపికైతే పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా లోను. ఇంటికి ఒక్కరికే. నమోదు సంగతి దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్లో అడగండి.

రోడ్డు మీద గది అద్దెకు తీసుకుంటే మాత్రం లెక్క మారుతుంది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్, కమర్షియల్ కరెంటు మీటరు, అన్నీ ముందే కనుక్కోవాలి. అంతదాకా గేటుకు చిన్న బోర్డు చాలు. దాని మీద మీ పేరు కంటే పెద్దక్షరాలతో "ఫాల్స్ కుట్టబడును" అని రాయించండి, మొదట గేటు తట్టేది ఫాల్స్ కోసం వచ్చేవాళ్లే.