క్రోమ్ నుంచి బిట్‌వార్డెన్‌కి లాగిన్లు మార్చుకోవడం

కోనసీమలోనైనా భీమవరం వైపైనా, నాన్న పీఎఫ్, అమ్మ గ్యాస్ బుకింగ్, చెరువుల కరెంటు బిల్లులు, రైలు టికెట్లు అన్నీ ఇంట్లో ఎవరో ఒకరి క్రోమ్‌లోనే పోగుపడుతుంటాయి. ఆ లాగిన్లను పాస్‌వర్డులు దాచిపెట్టే బిట్‌వార్డెన్ యాప్‌కి తరలించడం పావుగంట పని. సర్దడానికే ఒక పూట పడుతుంది.

ముందు మాస్టర్ పాస్‌వర్డ్, అంటే బిట్‌వార్డెన్‌ని తెరిచే పాస్‌వర్డ్ సంగతి. అది మరచిపోతే కంపెనీ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు. కాగితం మీద రాసి, రెండో దశ ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడగడం) పెట్టుకుంటే దాని రికవరీ కోడ్ కూడా రాసి, పొలం దస్తావేజులున్న ప్లాస్టిక్ కవరులో పెట్టండి. వరదొచ్చినా ముందుగా అటక మీదికి చేరేది ఆ కవరే కదా.

ఇక తరలింపు. సొంత కంప్యూటర్‌లోనే చేయండి, నెట్ సెంటర్‌లో మాత్రం వద్దు. క్రోమ్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైల్ (పట్టికలాంటి మామూలు టెక్స్ట్ ఫైల్) దిగుతుంది. అందులో పాస్‌వర్డులన్నీ ఏ తాళమూ లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి. అందుకే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ డ్రైవ్‌లోకి సింక్ అవుతుంటే ముందే ఆపండి. వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. తర్వాత బిట్‌వార్డెన్ వెబ్‌సైట్‌లో టూల్స్, ఇంపోర్ట్ డేటా, ఫార్మాట్ దగ్గర క్రోమ్ ఎంచుకుని ఫైల్ ఇవ్వండి.

ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడమే అందరూ చేసే పొరపాటు. 12 అంకెల పీఎఫ్ నంబరు యూఏఎన్ కాస్తా 1.01ఈ+11 లాగా మారిపోతుంది, మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటితే చివరివి సున్నాలవుతాయి. సమానం గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డ్‌ని ఫార్ములా అనుకుంటుంది. సర్దడమంతా బిట్‌వార్డెన్‌లోకి వచ్చాకే చేయండి.

మధ్యలో కరెంటు పోతే, మళ్లీ ఇంపోర్ట్ నొక్కే ముందు లోపల ఏమేం వచ్చాయో చూడండి. రెండుసార్లు నొక్కితే ప్రతిదీ రెండేసి అవుతుంది.

సర్దేటప్పుడు పేర్లతో మొదలుపెట్టండి. ఒకే సైట్‌కి మూడు లాగిన్లుంటే 'కరెంటు - ఇల్లు', 'కరెంటు - పెద్ద చెరువు' అని పెడితే వెతుకులాట ఉండదు. యాప్‌కి ఒకటి, సైట్‌కి ఒకటి వచ్చిన జంటల్లో ఏది పనిచేస్తుందో లాగిన్ అయి చూశాకే రెండోది తీసేయండి. బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో 2025లో డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారాయి. పాత చిరునామా ఉన్నచోట పాస్‌వర్డ్ దానంతటది నిండదు. కొత్త చిరునామాను పాస్‌బుక్‌లోనో బ్రాంచిలోనో సరిచూసి చేర్చండి, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నుంచి కాదు.

పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ అయ్యేవి) సీఎస్‌వీలో రావు. ఒక్కో సైట్‌లోకి వెళ్లి కొత్తగా సృష్టించుకోవాలి.

అన్నీ సరిపోయాక సీఎస్‌వీని చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. ఫోన్‌లో ఆటోఫిల్ సర్వీసుగా (పాస్‌వర్డులు దానంతటదే నింపేదిగా) బిట్‌వార్డెన్‌ని ఎంచుకోండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్ దాచమంటారా అని అడిగే స్విచ్ కట్టేయండి, లేకపోతే కొత్తవి మళ్లీ అక్కడికే చేరతాయి. క్రోమ్‌లోని పాతవాటిని మాత్రం నెల రోజులు ఉంచి, ఈలోగా కరెంటు బిల్లు, గ్యాస్, పీఎఫ్ ఒక్కోసారైనా తెరిచి చూశాక చెరిపేయండి.