కొత్త బాధ మొదలైందా? ముందు మాత్రల డబ్బా చూడండి

బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకు కొత్తగా ఏదైనా బాధ వస్తే, అది ఇంకో జబ్బనుకుని ఇంకో మాత్ర మొదలుపెట్టేస్తుంటారు. అంతకంటే ముందు ఈమధ్య ఏ మందు చేరిందో, ఏ డోసు పెరిగిందో చూసుకోవాలి.

సమస్య: వారాల తరబడి పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. సిరప్ సీసాలు అయిపోతున్నా తగ్గదు.

కారణం: బీపీ మాత్ర పేరు చివర 'ప్రిల్' ఉందేమో చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అలాంటివే. రక్తనాళాలను బిగించే హార్మోన్ తయారవకుండా ఇవి ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విడగొట్టేదీ అదే ఎంజైము. దాని పని ఆగితే బ్రాడికైనిన్ పేరుకుని దగ్గు పుట్టిస్తుంది. మందు మొదలెట్టిన నెలల తర్వాత కూడా దగ్గు రావచ్చు కాబట్టి చాలామందికి మాత్ర మీద అనుమానమే రాదు.

పరిష్కారం: మీరే మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి. సాధారణంగా టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మందుకు మారుస్తారు. దగ్గు ఎక్కువమందికి 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది. పెదవులు, నాలుక వాస్తే మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సమస్య: సాయంత్రానికి రెండు పాదాలూ వాచి, చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది.

బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వల్ల ఇలా అవుతుంది, 10 మిల్లీగ్రాముల డోసులో మరీ ఎక్కువ. ఒంట్లో నీరు పెరిగి వచ్చిన వాపు కాదిది, సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరడం వల్ల వచ్చింది. అందుకే మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలతో పెద్దగా తగ్గదు. డోసు తగ్గించడమో, మందు మార్చడమో చేయాలి. అయితే ఆయాసం కూడా ఉన్నా, ఒక్క కాలే వాచి నొప్పి పెడుతున్నా మందు మీద నెపం వేసి ఊరుకోవద్దు. గుండెనీ, కాలి రక్తనాళాల్నీ వెంటనే పరీక్ష చేయించాలి.

సమస్య: భోజనం ఆలస్యమైతే చేతులు వణుకు, చెమటలు, గుండె దడ.

కారణం: గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర, మీరు భోజనం చేసినా చేయకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. షుగర్ 70 కంటే తగ్గితే అది లో షుగర్.

పరిష్కారం: 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. కుదుటపడ్డాక భోజనం పెట్టాలి, ఎందుకంటే మాత్ర ప్రభావం చాలా గంటలుంటుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, అంబులెన్స్ పిలవాలి. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మందు వాడేవాళ్లలో దడ, వణుకు బయటపడకపోవచ్చు, చెమట ఒక్కటే కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పి ఉంచండి.

సమస్య: మందు రోజూ వేసుకుంటున్నా బీపీ దిగట్లేదు.

కీళ్లనొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడుతున్నారా? ఇవి ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపేసి బీపీ పెంచుతాయి. డాక్టర్ అడిగినప్పుడు "బీపీ మాత్ర ఒక్కటే" అనకుండా, నొప్పి మాత్రల స్ట్రిప్ కూడా చూపించండి.