అక్షరం రెండుసార్లు పడుతోందా, అసలు పడటమే లేదా? పాత కీబోర్డులు, ఆప్టికల్ కీబోర్డులు: సమస్య - పరిష్కారం

కీబోర్డు పాడైందని ఎవరైనా చెప్పగానే నేను ముందు అడిగేది ఒకటే: మీరు కీ నొక్కిన సంగతి లోపలి బోర్డుకు ఎలా తెలుస్తోంది? చెర్రీ ఎమ్‌ఎక్స్ (చాలా మెకానికల్ కీబోర్డుల్లో కీ కింద ఉండే రకం) స్విచ్‌లో రెండు లోహపు రేకులు తాకుతాయి. ఐబీఎమ్ వాళ్ల పాత కీబోర్డు మోడల్ ఎమ్‌లో స్ప్రింగ్ పక్కకు వంగి, అడుగునున్న చిన్న సుత్తిని ప్లాస్టిక్ పొరల మీదికి తిప్పుతుంది. ఆప్టికల్‌లో తాకడమనేదే లేదు. ఇన్‌ఫ్రారెడ్ కాంతికి స్టెమ్ (కీతోపాటు కిందికి దిగే ప్లాస్టిక్ కాడ) అడ్డు వస్తుంది, లేదా అడ్డు తొలగుతుంది. ఈ మూడింటి జబ్బులు వేరు, మందులు వేరు. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేసి బంగారం లాంటి కీబోర్డులు పాడుచేసుకున్నవాళ్లను చూశాను కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను.

ఏదీ విప్పకముందు రెండు పనులు చేయండి. కీబోర్డును ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే త్వరగా కొట్టిన అక్షరాలను వదిలేస్తుంది, మనం స్విచ్‌ను అనుమానిస్తాం.

ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతోంది

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో కొట్టేవాళ్లకు ఇది ఇట్టే దొరికిపోతుంది. "అమ్మ" అని కొట్టడానికి షిఫ్ట్ కాకుండా రెండే కీలు కావాలి. షిఫ్ట్ పట్టుకుని డి కొడితే "అ", సి కొడితే "మ", షిఫ్ట్ లేకుండా డి కొడితే పొల్లు, మళ్లీ సి కొడితే రెండో "మ". సి కీకి జబ్బు ఉంటే తెర మీద "అమమ్మ" అనో "అమ్మమ" అనో వస్తుంది. ఒత్తులన్నింటికీ పొల్లు కావాలి కాబట్టి తెలుగులో ఆ డి కీ పడే దెబ్బలు ఇన్నీ అన్నీ కావు. నేను ఏ కీబోర్డు పరీక్షించినా ఈ మాటే ఇరవైసార్లు కొడతాను.

లోహపు రేకుల స్విచ్ అయితే కారణం ఇది: రేకులు కలిసేటప్పుడు ఒక్కసారిగా కుదురుకోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తాకుతాయి. అందుకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలి ప్రోగ్రామ్) కాస్త ఆగి లెక్క తీసుకుంటుంది, దాన్నే డిబౌన్స్ అంటారు. క్యూఎమ్‌కే అనే ఫర్మ్‌వేర్‌లో మామూలుగా అది 5 మిల్లీసెకన్లు. రేకు మీద దుమ్ము గానీ, ఒలికిన టీ జిడ్డు గానీ, స్విచ్ నున్నగా కదలడానికి లూబ్ చేసేటప్పుడు పొరపాటున అంటిన గ్రీజు గానీ ఉంటే ఆ ఎగురుడు అంతకు మించిపోతుంది. అసలు చెర్రీ స్విచ్‌లలో తాకేచోట బంగారం ఉంటుంది కాబట్టి తుప్పు భయం లేదు, అక్కడ దోషి దాదాపుగా మురికే. చవక నకళ్ల సంగతి అలా కాదు. మాది విశాఖ, సముద్రానికి దగ్గరి ఇల్లు. ఒక చవక కీబోర్డును రెండు వానాకాలాలు కిటికీ పక్కన ఉంచితే స్ప్రింగులు ఎర్రబడ్డాయి, రేకులు మసకబారాయి.

పరిష్కారం: కీబోర్డు తీగ పీకేసి, కీక్యాప్ తీసి, స్టెమ్ కొద్దిగా నొక్కి పట్టుకుని, పక్క సందులో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు వేయండి. యాభై అరవైసార్లు నొక్కి వదలండి. బోర్డును బోర్లించి బాగా ఆరనివ్వండి. తగ్గకపోతే డిబౌన్స్ 8 లేదా 10కి పెంచండి. ఇది జ్వరానికి తడిగుడ్డ లాంటిది, జబ్బు లోపలే ఉంటుంది. చివరికి స్విచ్ మార్చడమే. సోల్డర్ చేసినదైతే రెండు కాళ్ల దగ్గరి సీసం పూర్తిగా పీల్చాకే లాగండి. తొందరపడితే బోర్డు మీది రాగి పొర స్విచ్‌తోపాటు ఊడి వచ్చేస్తుంది.

ఆప్టికల్‌లో ఇదే లక్షణం కనిపిస్తే పైదంతా మరిచిపోండి. అక్కడ ఎగిరే రేకు లేదు, కాబట్టి డిబౌన్స్ పెంచినా ప్రయోజనం లేదు, పైగా ఏ వేగం కోసం డబ్బు పెట్టారో అది పోతుంది. స్టెమ్ పైకి మెల్లగా లేస్తోందా చూడండి. కాంతి తెగే అంచు దగ్గరే స్టెమ్ తటపటాయిస్తే అక్షరం రెండుసార్లు పడుతుంది. సాధారణంగా దానికి కారణం ఒక వెంట్రుక, బిగుతు కీక్యాప్, లేదా స్పేస్, ఎంటర్, షిఫ్ట్ కీల కింద వంకర పోయిన స్టెబిలైజర్ తీగ (పొడవు కీలు ఒరగకుండా సమంగా దించేది).

ఆప్టికల్‌లో ఒక కీ పలకడం లేదు, లేదా నొక్కకుండానే ఆగకుండా పడుతోంది

స్విచ్‌లు ఊడదీసే రకమైతే పక్క స్విచ్‌తో మార్చి చూడండి. జబ్బు స్విచ్‌తోపాటు కొత్త చోటికి వెళ్తే స్విచ్‌ది, ఉన్నచోటే ఉంటే బోర్డుది. నా అనుభవంలో ఆప్టికల్‌లో ఎక్కువగా ఉన్నచోటే ఉంటుంది. అసలు తేడా ఇక్కడే ఉంది. పాత స్విచ్‌లో పనితనమంతా స్విచ్‌లోనే ఉంటే, ఆప్టికల్ స్విచ్‌లో స్టెమ్, స్ప్రింగ్ తప్ప పెద్దగా ఏమీ లేదు. కాంతి పంపే ఎల్ఈడీ, దాన్ని చూసే సెన్సార్ రెండూ బోర్డు మీద ఉంటాయి. అందుకే కొత్త స్విచ్‌ల సంచి కొనేముందు ఈ పరీక్ష తప్పనిసరి.

ముందు గాలి కొట్టే బల్బుతో ఆ గుంటను శుభ్రం చేయండి. తర్వాత చీకటి గదిలో స్విచ్ తీసి, ఫోన్ ముందు కెమెరాలోంచి ఆ గుంటను చూడండి. ఇన్‌ఫ్రారెడ్ మన కంటికి కనిపించదు గానీ చాలా ఫోన్లలో లేత ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. మీ ఫోన్ దాన్ని చూడగలదో లేదో ముందు టీవీ రిమోట్ నొక్కి తేల్చుకోండి. పక్క గుంటల్లో వెలుగుండి ఇక్కడ లేకపోతే ఎల్ఈడీ పోయినట్టే. అది మార్చడం సన్నపని, వారంటీ ఉంటే చేతులు పెట్టకండి.

స్విచ్ తీయగానే అక్షరం ఆగకుండా పడుతుంటే కంగారు వద్దు. నొక్కినప్పుడు కాంతికి దారి వదిలే రకాల్లో, స్విచ్ లేకపోతే దారి తెరిచే ఉంటుంది కాబట్టి బోర్డు కీ నొక్కి ఉందనుకుంటుంది. ఇంకోమాట: మామూలు ఎమ్‌ఎక్స్ స్విచ్ ఆప్టికల్ బోర్డులో పనిచేయదు. అది కరెంటుకు దారి ఇస్తుంది, ఈ బోర్డు వెలుగు కోసం చూస్తుంది. ఒక కంపెనీ ఆప్టికల్ స్విచ్ ఇంకో కంపెనీ బోర్డులో పనిచేస్తుందన్న నమ్మకం కూడా లేదు.

వేలు ఆనించగానే అక్షరాలు పడిపోతున్నాయి

ఇది జబ్బు కాదు, అలవాటుకూ స్విచ్‌కూ మధ్య పేచీ. చెర్రీ రెడ్ స్విచ్ 2 మిల్లీమీటర్లు దిగాక గానీ అక్షరం వేయదు. రేజర్ కంపెనీ లీనియర్ ఆప్టికల్ స్విచ్ సుమారు 1 మిల్లీమీటరుకే వేసేస్తుంది. టైపురైటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని వేళ్లను కీల మీదే ఉంచే మావాళ్లకు ఇది నరకం. బరువైన స్ప్రింగులు వేయండి, లేదా ఎంత లోతుకు పలకాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునే అనలాగ్ మోడల్ తీసుకోండి. రాతపనికి మాత్రం నా ఓటు ఇప్పటికీ మోడల్ ఎమ్‌కే. అందులో టక్కుమనే చప్పుడు, అక్షరం పడటం ఒకే కదలికలో జరుగుతాయి, వేలికి అనుమానం ఉండదు.

మోడల్ ఎమ్‌లో కొన్ని కీలు చచ్చుబడ్డాయి, ఊపితే లోపల గలగలమంటోంది

ఒక్క కీయే అయితే క్యాప్ తీసి చూడండి. స్ప్రింగ్ పక్కకు తప్పుకుని ఉంటుంది. కీబోర్డును స్పేస్‌బార్ పైకి వచ్చేలా నిలువుగా పట్టుకుంటే స్ప్రింగ్ ఫంక్షన్ కీల వైపుకు వాలుతుంది. అలా ఉండగానే క్యాప్ నొక్కండి. టక్కుమంటే సరిపోయింది.

ఒకే ప్రాంతంలో నాలుగైదు కీలు మెత్తబడితే రివెట్లు పోయాయి. వంపుగా ఉన్న ఇనుప పలకను పట్టి ఉంచేది ప్లాస్టిక్ మొలలు, పదుల కొద్దీ ఉంటాయి. వయసు మీద పడి వాటి తలలు విరుగుతాయి. గలగలమనేవి అవే. పలక వదులై, పొరలు ఒకదానికొకటి అదిమి ఉండవు.

పాత కంప్యూటర్ల కొట్లో నేను కొన్న మోడల్ ఎమ్ (1391401 నంబరుది) పరిస్థితి ఇదే. ముందు కేసు విప్పడానికి సన్నటి గోడలున్న 5.5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్ కావాలి, మామూలుది ఆ గుంటలో దూరదు. మిగిలిన మొలల తలలు ఉలితో చెక్కేసి, వాటి నడిమధ్యలో 1.5 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేసి, ఎమ్2 (2 మిల్లీమీటర్ల మందం) బోల్టులు, నట్లు బిగించాలి. పలక ఎత్తేటప్పుడు కీల వైపు కిందికే ఉండాలి. నేను మొదటిసారి తిప్పి ఎత్తాను. సుత్తులూ స్ప్రింగులూ అన్నీ ఒళ్లో రాలాయి. ఒక్కొక్కటీ పట్టకారుతో గూట్లో పెట్టడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. మీకలా కాకూడదు. విరిగినవి నాలుగైదే అయి, కీలన్నీ పలుకుతుంటే దీని జోలికి వెళ్లకండి.

మోడల్ ఎమ్ యూఎస్‌బీకి పెడితే ఉలుకూ పలుకూ లేదు

మీరు కొన్నది ఉత్త ప్లగ్ మార్చే అడాప్టర్. అది తీగలను మారుస్తుందే తప్ప భాష మార్చదు. లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కొనండి. పాత గుండ్రటి పీఎస్/2 పోర్టుకే పెడుతుంటే కంప్యూటర్ ఆపి పెట్టండి, నడుస్తుండగా వద్దు.

మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి పడటం లేదు

మోడల్ ఎమ్ పుట్టుక లక్షణం అది. పొరల మీద డయోడ్లు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేవి) ఉండవు కాబట్టి కొన్ని మూడు కీల జతలను వదిలేస్తుంది. మరమ్మతు లేదు. ఆటలకు ఇంకో కీబోర్డు పెట్టుకోండి.

టీ ఒలికింది

ఏ రకమైనా ముందు తీగ పీకి బోర్లించండి. కాంతికి టీ ఏం చేస్తుందిలే అని ఆప్టికల్ వాళ్లు ధీమాగా ఉంటారు గానీ, చక్కెర ఆరాక స్టెమ్ అంటుకుంటుంది, బోర్డు మీది ఎల్ఈడీ కాళ్లు తుప్పు పడతాయి. క్యాప్‌లు గోరువెచ్చని సబ్బునీళ్లలో వేయండి, బోర్డును ఆల్కహాల్‌తో తుడవండి, రెండు రోజులు ఫ్యాన్ కింద ఉంచండి. హెయిర్ డ్రైయర్ వేడి తగలనివ్వొద్దు. మోడల్ ఎమ్‌లో నీళ్లు రెండు పొరల మధ్యకు చేరితే ఎంత ఆరబెట్టినా బయటికి రావు. రివెట్లు కోసి పొరలు విడదీసి తుడవాల్సిందే. ఎలాగూ అంతదాకా వచ్చారు కాబట్టి బోల్టులు కూడా అప్పుడే బిగించేయండి.